పచ్చగుండ్ల పబ్లిసిటీ ఏజెంటు

నా మూలంగా ఒక పెరటాసి నెల శనివారం నాడు తిరుపతి ఊరు పచ్చబడింది. వానలు పడీ కాదు, పంటలు పండీ కాదు. ఎలా పచ్చబడిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, అందుకే రాస్తున్నాను. కానీ ఆ రోజు నన్ను వెతుక్కుంటూ వచ్చిన జనంలో ఒక్కరంటే ఒక్కరు కూడా నవ్వలేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

అది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు. నాకు ఇరవై రెండేళ్ళు. మా నాయనకు చిత్తూరులో బెల్లం మండీ. పుట్టినప్పటి నుంచీ నా బట్టల్లో బెల్లం, పుస్తకాల్లో బెల్లం, చెవుల్లో కూడా బెల్లమే. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలకంటే నా మీద కూర్చున్న ఈగలే ఎక్కువ. అందుకే, బతికితే బెల్లం వాసన లేని చోట బతకాలని చిన్నప్పుడే తీర్మానించుకున్నాను.

ఎలాగన్నది తెలియలేదు. ఒకరోజు పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత ఇంగ్లీషు పేపర్ల కట్టలో ఒక ఫోటో కనబడింది. సూటూ బూటూ వేసుకున్న దొరబాబు, నోట్లో సిగరెట్టు, వెనక బల్ల మీద టెలిఫోను. కింద ‘పబ్లిసిటీ ఏజెంటు’ అని రాసి ఉంది. ఆ మాటకు అర్థం ఏమిటో, ఆయన చేసే పని ఏమిటో ఆ కిందనే రాసి ఉండాలి. కానీ కాగితం అక్కడికే చిరిగిపోయింది. మిగతా అర్థమంతా నేనే పూరించుకున్నాను. అయ్యా, జరిగిన అనర్థమంతా ఆ పూరింపులోనే ఉంది.

“నాయనా, నేను పబ్లిసిటీ ఏజెంటు అవతాను” అన్నాను.

నాయన త్రాసు మీద నుంచి కళ్ళెత్తకుండా, “అంటే ఏందిరా?” అన్నాడు.

“సరుకు గురించి లోకానికి తెలియజెప్పే మనిషి.”

“బెల్లం తియ్యగా ఉంటాదని లోకానికి ఒకరు చెప్పల్లనా?”

“బెల్లం గురించి కాదు నాయనా. పెద్ద పెద్ద సరుకులు ఉంటాయి.”

“ఎంత పెద్ద సరుకైనా తినేవాడికి తెలీదా?”

ఇలా చాలాసేపు వాదించుకున్నాం. చివరికి నాయన తన జుట్టుముడి విప్పి, దులిపి, మళ్ళీ గట్టిగా వేసుకున్నాడు. ఆ ముడి మీద ఆయనకు మండీ మీద ఉన్నంత ప్రేమ. ఊళ్ళో అందరూ క్రాపులు కొట్టించుకుంటున్నా ఆయన మాత్రం కత్తెరను ఆ దరిదాపులకు రానివ్వలేదు. ఏదైనా పెద్ద నిర్ణయం చెప్పబోయే ముందు అలా ముడి విప్పి వేసుకోవడం ఆయన అలవాటు.

“ఇను రాయుడా. పెరటాసి నెల ముగిసేదాకా సూస్తాను. ఆ లోపల యాడన్నా నీ పని ఖాయమైతే నీ దోవ నీది. కాలేదా, వచ్చి మండీలో నా పక్కన సాప ఏసుకోని కూర్చోవల్ల. మళ్ళా జన్మలో ఇంకో మాట ఎత్తగూడదు.”

“సరే నాయనా” అన్నాను. ఆ ‘సరే’తో నా జీవితమంతా ‘పబ్లిసిటీ ఏజెంటు’ అన్న ఒక్క మాట మీద, అదీ సగమే అర్థమైన మాట మీద వేలాడింది.

తిరుపతి పెద్ద బజారులో నరసింహులు శెట్టిగారని ఒకాయన కొత్తగా ‘మేఘవేణి తలనూనె’ తయారు చేస్తున్నారని తెలిసి వెళ్ళాను. ఆయన బక్కపలచటి మనిషి. ప్రతి మాటకూ ముందు ఒకసారి ముక్కుపొడుం పీల్చేవారు.

“నేను పబ్లిసిటీ ఏజెంటునండీ” అన్నాను, ఆ ఉద్యోగంలో తల నెరిసినవాడిలాగా.

“అంటే ఏందబ్బా?”

“మీ నూనె పేరు పదివేలమంది నోళ్ళలో నానేటట్టు చేసేవాడిని.”

“నోట్లో ఎందుకు, నెత్తిన పెట్టుకునేది గదా?”

“ముందు నోట్లో, తర్వాత నెత్తిన.”

శెట్టిగారు పొడుం పీల్చి ఆలోచించారు. “ఓహో, నోటీసులు పంచేవాడివి” అన్నారు.

“కాదండీ! నోటీసులు పంచేవాడు వేరు, పబ్లిసిటీ ఏజెంటు వేరు.”

“ఏం వేరు?”

కాగితం అక్కడ చిరిగిపోయిందని చెప్పలేను కదా! అందుకే కాస్త చిరునవ్వు నవ్వాను. ఆ నవ్వు చూసి ఇతనికి చాలా తెలుసునని ఆయన అనుకున్నారు. “సరే, పెరటాసి శనివారాలు వస్తాయి. జనం కొండకు ఇరగబడి వస్తారు. నీ పనితనం అప్పుడు సూపించు. బాగుంటే ఖాయం సేస్తాను” అన్నారు.

నాకు తోడుగా మునెన్నను ఇచ్చారు. మునెన్న నలభై ఏళ్ళుగా తప్పెట కొట్టి చాటింపు వేస్తున్న మనిషి. ఆవు తప్పిపోయినా, కుళాయిలో నీళ్ళు రాకపోయినా, డేరా సినిమా వచ్చినా ఆయన గొంతులోంచి రావలసిందే. మొదటి రోజే నా భుజం మీద చెయ్యి వేసి, “అయితే మనిద్దరిదీ ఒకే పని అన్నమాట” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఒకే పని ఎట్లా అవుతుంది మునెన్నా? నువ్వు చాటింపు వేస్తావు. నేను పబ్లిసిటీ చేస్తాను.”

“ఆ పబ్లిసిటీ అంటే ఏందప్పా?”

“జనానికి తెలియజేయడం.”

“సాటింపు అన్నా అదే గదా.”

“నీకు తెలియదులే. ఇది ఇంగ్లీషు పని.”

మునెన్న కోపం తెచ్చుకోలేదు. తప్పెట చర్మాన్ని మంట దగ్గర కాచుకుంటూ, “ఏ బాసలో సేసినా, సాటింపు ఏసే ముందర ఒక్కటి అడుక్కోవల్లప్పా. ఎవురికి అని. ఆవు తప్పిపోతే ఆవుల సంతలో సాటల్ల. సినిమా వస్తే బజార్లో సాటల్ల. నోరు ఉండాది గదా అని యాడ పడితే ఆడ అరిస్తే గొంతు పోతాది” అన్నాడు.

ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నా కళ్ళు చెమరుస్తున్నాయి. ఆ రోజు మాత్రం ఒక చెవితో విని రెండో చెవితో వదిలేయడం కూడా కాదు, అసలు ఏ చెవితోనూ వినలేదు.

నా మొదటి ఘనకార్యం నూనెకు రంగు వేయడం. శెట్టిగారి నూనె మంచిదే. కానీ చూడడానికి మామూలు నూనెలా ఉంది. “మామూలుగా ఉంటే ఎవరు చూస్తారండీ? కొండ మీది ఆకులన్నీ పిండినట్టు పచ్చగా ఉండాలి” అన్నాను. శ్రీకాళహస్తి వెళ్ళి, కోరగడ్డి చాపలకు రంగులు వేసే ఒక పెద్దాయన దగ్గర పచ్చరంగు పొడి తెచ్చాను. నూనెలో కలిసే రంగే కావాలని అడిగి మరీ తెచ్చాను, నేనేమీ అంత తెలివితక్కువవాణ్ణి కాను.

“ఈ రంగు ఉంటాదా పెద్దాయనా?” అని అడిగాను.

“సాప సిరిగిపోతాదేమో గానీ రంగు పోదు నాయనా.”

నాకు పరమానందమైంది. ఎందుకో నన్నడగకండి. మంచి సరుకంటే ఏదీ పోకూడదని ఆ వయసులో అనుకునేవాణ్ణి. నూనెలో కలిపితే మరకతాలు కరిగించినట్టు వచ్చింది. శెట్టిగారు జాగ్రత్త మనిషి కాబట్టి ముందు దువ్వెనతో తన తలకే పట్టించి చూసుకున్నారు. నల్లటి జుట్టు నల్లగానే ఉంది. “బాగుండాదబ్బా” అన్నారు. ఆ విధంగా పరీక్ష కూడా నెగ్గాం.

ఇక మూడో శనివారం వచ్చింది. తెల్లవారకముందే అలిపిరి దగ్గర పందిరి వేయించాను. పైన గుడ్డ మీద ‘మేఘవేణి’ అని మనిషెత్తు అక్షరాలు. మునెన్న తప్పెట మోగిస్తున్నాడు. నేను నోటీసులు పంచుతున్నాను, అంటే పబ్లిసిటీ చేస్తున్నాను. జనం వస్తున్నారు, నోటీసు తీసుకుంటున్నారు, గోవిందా అంటున్నారు, మెట్లెక్కి వెళ్ళిపోతున్నారు. ఒక్క సీసా కదలడం లేదు.

“ఏమ్మా, ఒక సీసా తీసుకోండి” అని ఒక సత్యవేడు రైతమ్మను బతిమిలాడాను.

“కొండెక్కేటప్పుడు సీసాలు మోసేదెట్లబ్బా? దిగేటప్పుడు సూస్తాంలే” అన్నది.

పదిమందిని అడిగితే పదిమందీ అదే మాట. అప్పుడు నా బుర్రలో ఒక దీపం వెలిగింది. దిగేటప్పుడు! పందిరి పీకించి, కొండ దిగి వచ్చేవాళ్ళు ఆగి సేద తీరే చోటికి మార్పించాను. మునెన్న ఏదో చెప్పబోయాడు. “నువ్వు తప్పెట సంగతి చూడు మునెన్నా, ఇది నా శాఖ” అన్నాను. ఆయన పెదవి కొస మీద ఏదో కదిలింది కానీ నేను పట్టించుకోలేదు.

పొద్దెక్కేసరికి కొండ దిగే జనం మొదలైంది. “రండి బాబూ రండి! నల్లటి, ఒత్తైన, నిగనిగలాడే కురులకు మేఘవేణి!” అని గొంతు చించుకున్నాను. నా క్రాపు అందరికీ కనబడాలని దానికి కూడా దట్టంగా రాసి వెనక్కి దువ్వాను. ముందు వరుస దగ్గరికి వచ్చింది. అందరూ గుండ్లు. రెండో వరుస వచ్చింది. గుండ్లు. తాత, అవ్వ, తండ్రి, చంకలో పిల్ల, అందరూ సామికి తలనీలాలు సమర్పించి, నున్నటి గుండ్లకు గంధం పూసుకుని, ఎండలో తళతళలాడుతూ దిగి వస్తున్నారు. కనుచూపు మేర ఆ మెట్ల మీద వెంట్రుక అన్నది నాకూ మునెన్నకే ఉంది.

చిత్తూరు జిల్లాలో పుట్టి, తిరుపతిలో తిరుగుతూ, పెరటాసి శనివారం కొండ దిగేవాళ్ళకు తలనూనె అమ్మబోయిన మొనగాణ్ణి ఈ భూప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఒక ముసలవ్వ నా ముందు నిలబడి గుడ్డ మీది అక్షరాలను చూసింది, నా క్రాపును చూసింది, తన గుండు తడుముకుంది. “ఏం నాయనా, ఎగతాళా?” అన్నది.

“కాదవ్వా...”

“సామికిచ్చి పది గడియలు కాలేదు. కురులంట, నిగనిగలంట!”

వెనకనుంచి ఎవరో, “కొట్టండ్రా వాణ్ణి” అన్నారు. మునెన్న తప్పెట ఆపేసి అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన వీపు ఊగుతోంది. నవ్వుతున్నాడు! పెరటాసి ఇంక ఎన్నో రోజులు లేదు. నా కళ్ళ ముందు బెల్లం మండీ, నాయన పక్కన నా చాప, ఈగలు, అన్నీ కదిలాయి. ఆ భయంలో నా నోటికి రెక్కలొచ్చాయి.

“అవ్వా! ఇది ఉండే జుట్టుకు కాదు. కొత్తగా మొలవబోయే జుట్టుకు! ఎండకు మాడిన గుండుకు చల్లదనం! ఊరికే ఒక చెయ్యి పోస్తాను, పైసా ఇయ్యొద్దు!”

అవ్వ అనుమానంగా తల వంచింది. ఒక దోసెడు పోసి మర్దన చేశాను. “అమ్మా... సల్లగా ఉండాది” అన్నది.

ఆ ఒక్క మాట చాలు. ఎండ నిప్పులు చెరుగుతోంది, గుండ్లు కాలిపోతున్నాయి. జనం ఎగబడ్డారు. నేను పోయడం, వాళ్ళు తలలు వంచడం. మొహాలు చూసే తీరికెక్కడిది? గుండు తరవాత గుండు, నూనె పోయి, రుద్ది, పక్కకు నెట్టడమే. గంధం మీదా, గంధం అంటిన నా చేతుల మీదా నూనె మెరుస్తోందే గానీ ఏ రంగూ కనబడలేదు. కొందరు సీసాలు కూడా కొనుక్కున్నారు. శెట్టిగారు స్వయంగా వచ్చి చూసి రెండు సార్లు పొడుం పీల్చారు. “ఖాయమబ్బా! నీ పని ఖాయం!” అన్నారు. నేను మునెన్న వైపు చూసి, “చూశావా, పబ్లిసిటీ అంటే ఇదీ” అన్నాను. ఆయన తల గోక్కున్నాడు.

మధ్యాహ్నం అంగడికి వచ్చి పెరుగన్నం ముందు కూర్చున్నాను. కలిపాను. పెరుగన్నం పచ్చగా అయింది. కరివేపాకు ఎక్కువైందేమో అనుకుని ఇంకా కలిపాను. ఇంకా పచ్చనైంది. చెయ్యి తిప్పి చూసుకుంటే అరచెయ్యి చిలకలా ఉంది. సబ్బు రుద్దాను, ఇసుక రుద్దాను, గోడకు రుద్దాను. పోలేదు. ‘సాప సిరిగిపోతాదేమో గానీ రంగు పోదు’ అన్న పెద్దాయన గొంతు అప్పుడు నా చెవిలో వినబడింది.

అంతలో మునెన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. “అప్పా, రైలు స్టేషను కాడ సూసినావా?”

“ఏముంది అక్కడ?”

“గంధమంతా చెమటకు రాలిపోయినాది. తుడుసుకుంటే ఒగొగరి గుండు పచ్చటి గుమ్మడికాయ మాదిరి ఉండాది. ఊరంతా అవే. అందరూ నిన్నే అడగతావుండారు.”

“నన్నా? ఏమని?”

“యాడరా ఆ నూనాయన అని.”

అయిదు నిమిషాల్లో బజారు పచ్చబడింది. శెట్టిగారి అంగడి ముందు ఇసుక వేస్తే రాలనంతమంది. ఒక తల్లి, “రేపు మా బిడ్డకు పేరు పెట్టల్ల, ఈ మొగం బెట్టుకోని ఎట్లా?” అని ఏడుస్తోంది. ఒకాయన పెళ్ళిచూపులకు పోవాలట. ఒకాయన కోర్టులో సాక్ష్యం చెప్పాలట. “జడ్జీ నన్ను మనిషనుకుంటాడా?” అని అడుగుతున్నాడు. పొద్దున నన్ను ఎగతాళా అన్న ముసలవ్వ ముందు వరుసలో నిలబడి, “నేను అప్పుడే అన్నాను” అని పదే పదే చెబుతోంది.

శెట్టిగారు ఈసారి పొడుం పీల్చకుండానే అడిగారు. “ఏమబ్బా, ఇది కూడా పబ్లిసిటీనేనా?”

“అదీ... శెట్టిగారూ...”

“ఇందాక ఖాయమని అన్నాను సూడు, అది అన్నింది నేను కాదు, ఎండ. నూనె కడిగించి ఈళ్ళందరినీ పంపించు. తరవాత నువ్వు మళ్ళా నా కంట బడొద్దు.”

అయిపోయింది. ఉద్యోగం పోయింది సరే, ఈ జనాన్ని ఏం చేయాలి? అప్పుడు మునెన్నే దిక్కయ్యాడు. “నూనెలో కలిసిన రంగు నూనెతోనే పోవల్ల. మామూలు నువ్వులనూనె పోసి, సున్నిపిండితో రుద్దితే కొంచెమన్నా పోతాది” అని, తప్పెట మెడలో వేసుకుని బజారు కూడలిలో నిలబడ్డాడు. “ఇందుమూలంగా సకల పచ్చగుండ్లకూ తెలియజేయడమేమనగా, శెట్టిగారి అంగడి ముందర ఉచితంగా తలలు కడగబడును! పిల్లాజెల్లా అందరూ రావల్సిందో!” నా నోటీసులకు కదలని ఊరు ఆ ఒక్క కేకకు కదిలి వచ్చింది. ఎవరికి చాటాలో ఆయనకు తెలుసు. నేను సిగ్గుతో తల వంచుకుని పీట వేసుకుని కూర్చున్నాను.

ఎన్ని తలలు కడిగానో లెక్క లేదు. పొద్దు వాలుతోంది. పచ్చదనం పూర్తిగా పోలేదు గానీ గుమ్మడికాయ కాస్తా లేత మామిడిపిందె దాకా దిగింది. ఇంకొక గుండు నా ముందు వంగింది. విసిగిపోయి ఉన్నాను. “వంచు పెద్దాయనా, ఇంకా వంచు” అని మెడ పట్టుకుని కిందికి నొక్కి రుద్దాను.

“కొంచెం మెల్లిగా రుద్దరా రాయుడా” అన్నది ఆ గుండు.

నా చెయ్యి గుండు మీదే ఉండిపోయింది. ఆ గొంతు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కిందికి వంగి మొహం చూశాను. మా నాయన.

ముడి లేదు. నలభై ఏళ్ళుగా కత్తెర తాకని ఆ జుట్టు లేదు. ఆయన చెవులు అంత పెద్దవని నాకు ఆ రోజే తెలిసింది.

“నాయనా! నువ్వు... ఈ గుండు ఏంది?”

“నీ పని ఖాయమైతే ముడి ఇస్తానని సామికి మొక్కుకున్నాన్రా. మళ్ళా అనుకున్నాను, పని అయినాక ఇచ్చేదేంది, ముందే ఇచ్చేస్తే సామికి కూడా మొగమాటం ఉంటాది గదా అని. నిన్న రేత్రే కొండెక్కి, పొద్దునే ఇచ్చేసినాను.”

“మరి ఈ నూనె?”

“దిగి వస్తావుంటే నువ్వు కనబడినావు. నీ చుట్టూ అంతమంది జనం. నేనూ వరసలో నిలబడి తల వంచినాను. నువ్వే పోసినావు.”

“నేనా! పిలవచ్చు కదా నాయనా!”

“నువ్వు పని మీద ఉండావు గదా. పిలిస్తే యాడ చెడతాదో అని గమ్మున పోయినాను.”

అయ్యా, అప్పటిదాకా వచ్చిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. నాయన గుండు మీద నా కన్నీళ్ళు పడ్డాయి. అవి కూడా పచ్చగానే జారాయి. “ఏడవబాకురా, కంట్లో సున్నిపిండి పడినాదా?” అన్నాడు ఆయన. అవునన్నాను.

మర్నాడే ఇద్దరం చిత్తూరు బస్సెక్కాం. మండీలో నాయన పక్కన చాప వేసుకుని కూర్చున్నాను. నాయన తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. మధ్యాహ్నం ఒక పాత బేరగాడు వచ్చి, “ఏమప్పా, కొడుకు తిరుపతిలో ఏదో పెద్ద పనిలో ఉండాడంటివే?” అని అడిగాడు.

నేను బెల్లం దిమ్మెల వెనక్కి జారుకోబోయాను. నాయన తొణక్కుండా, “పబ్లిసిటీ ఏజెంటు పని” అన్నాడు.

“అంటే ఏందప్పా?”

నాయన మెల్లగా తువ్వాలు విప్పి, ముందుకు వంగి గుండు చూపించాడు. “ఇదీ. నా కొడుకు సొంత చేత్తో సేసినాడు.”

అది కనీవినీ ఎరుగని నవ్వు. మండీ అంతా నవ్వింది, చివరికి నాయన కూడా నవ్వాడు. మర్నాటి నుంచి ఆ గుండు చూడడానికే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వచ్చారు, వచ్చినవాళ్ళు ఊరికే పోకుండా బెల్లం కొనుక్కుపోయారు. కొత్త జుట్టు మొలిచి ఆ పచ్చదనాన్ని కప్పేదాకా మండీకి తెరిపి లేదు. నేను చేసిన పబ్లిసిటీలో ఫలించింది అదొక్కటే.

మండీ అంతా నవ్విన ఆ రోజే ఒక బెల్లం దిమ్మె మీద చెయ్యి వేసి, ఏడుకొండలవాడి సాక్షిగా, ఈగల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ కట్టెలో ఊపిరి ఉన్నంతవరకు, ముందు మొహం చూడకుండా ఎవరి తలా ముట్టుకోను.